సాయంత్రం తిండి, నా నోటు పుస్తకం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్యం, పోషణ అంశం కింద ఒక గ్రామ సంఘం లీడరు మాట్లాడిన మాటలు. ఆమె రాసుకొచ్చిన కాగితాల నుంచి, అక్కడ అప్పటికప్పుడు చెప్పిన మాటల నుంచి రాసినది.)



ప్రతి ఏడూ నేను ఇక్కడ నిలబడితే పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత శాతం అని చదివి దిగిపోయేదాన్ని. ఈసారి అధ్యక్షురాలు గారు "ఆ లెక్కలు వేరేవాళ్ళు చదువుతారు గానీ, నువ్వు నీ బరువు సంగతి చెప్పు" అన్నారు. ముందు నాకు కోపం వచ్చింది. ఇంతమంది ముందు ఆడది తన బరువు చెప్పుకుంటుందా అండీ? తర్వాత ఆలోచించాను. మన సంఘంలో ఎవరి అప్పు ఎంతో అందరికీ తెలుసు. ఎవరు వాయిదా కట్టలేదో అందరికీ తెలుసు. బరువు ఒక్కటే దాచుకోవడం ఎందుకు? నాకు 36 ఏళ్ళు. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. పెళ్ళినాటికి 48 కిలోలు. కిందటేడు 74. చెప్పేశాను, ఇక మీరు నవ్వుకోవచ్చు.

నన్ను ఎరిగిన వాళ్ళకి తెలుసు, మా సంఘం పని పిండివంటలు. జంతికలు, పప్పు చెక్కలు, గవ్వలు, కజ్జికాయలు, సున్నుండలు. ఎనిమిది మందిమి మా ఇంటి వెనక షెడ్డులో చేస్తాం. స్త్రీనిధి అప్పుతో పెద్ద గ్యాస్ పొయ్యి, పిండి కలిపే మిషను కొన్నాం. మా పిల్లల ఫీజులు ఆ మూకుడులోంచే వస్తాయి. అందుకని నేను మైకు పట్టుకుని "జంతికలు తినకండి" అని చెబుతానని ఎవరూ భయపడొద్దు. బయట బల్ల మీద మా సరుకు పెట్టాం, కొనుక్కోండి. నేను చెప్పేది నా సంగతే.

మా ఆయన కువైట్ వెళ్ళి ఆరేళ్ళయింది. ఒక ఇంట్లో డ్రైవరు. మన వైపు నుంచి చాలామంది వెళ్ళారు, మీ ఇళ్ళల్లోనూ ఉంటారు, ఆడవాళ్ళు కూడా వెళ్ళారు. అక్కడికీ మనకీ రెండున్నర గంటల తేడా. ఆయన పని అయ్యి గదికి చేరేసరికి అక్కడ ఏడు, ఇక్కడ తొమ్మిదిన్నర. అప్పుడు వీడియో కాల్. పిల్లలు మాట్లాడతారు, అత్తయ్యగారు మాట్లాడతారు, చివర్లో నేను. నా వంతు వచ్చేసరికి ఆయనకి నిద్ర వస్తూ ఉంటుంది. "సరే, ఉంటాను" అంటారు. ఫోన్ ఆగిపోతుంది. పిల్లలు పడుకుంటారు. ఇల్లంతా నిశ్శబ్దం.

అప్పుడు నేను వంటింట్లోకి వెళ్ళి జంతికల డబ్బా మూత తీసేదాన్ని.

ఆ మూత చప్పుడు అత్తయ్యగారికి వినపడకూడదని చీర కొంగు అడ్డం పెట్టి తీసేదాన్ని. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నిలబడే తినేదాన్ని, లైటు కూడా వేసేదాన్ని కాదు. ఎన్ని తిన్నానో తెలిసేది కాదు, డబ్బా అడుగు చేతికి తగిలితే తెలిసేది. తర్వాత ఏడుపు వచ్చేది. రేపటి నుంచి ముట్టుకోను అని ఒట్టు పెట్టుకునేదాన్ని. ఎన్ని ఒట్లు పెట్టుకున్నానో లెక్క రాసి ఉంటే అదొక పెద్ద రిజిస్టరు అయ్యేది.

మా డబ్బా ఎప్పుడూ ఖాళీ కాదు, అదే వచ్చిన చిక్కు. జంతికలు ఒత్తినప్పుడు, వేయించి తీసినప్పుడు కొన్ని విరుగుతాయి. విరిగినవి పాకెట్టులో వేస్తే షాపువాళ్ళు తీసుకోరు. ఆ ముక్కలన్నీ ఎనిమిది మందిమి పంచుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. వారానికి నా వాటాకి కిలో తగ్గేది కాదు. డబ్బు పెట్టి కొన్నది కాదు కాబట్టి లెక్క లేదు. లెక్క లేనిది ఒంట్లో చేరుతుందని నాకు అప్పుడు తట్టలేదు. సంఘం పుస్తకంలో రూపాయి తేడా వస్తే రాత్రంతా కూర్చుని వెతికేదాన్ని నేను!

ఇది ఎందుకు బయటపడిందంటే, ఊళ్ళో ముప్పై దాటిన వాళ్ళందరికీ బీపీ, షుగరు చూడటానికి ఏఎన్ఎం గారు, ఆశా అక్క ఇంటింటికీ వచ్చారు. నేను లీడర్ని కదా, "ముందు మీరు చూపించుకుంటే మిగతావాళ్ళు వస్తారు" అన్నారు. వేలు గుచ్చితే నంబరు ఎక్కువ వచ్చింది. పరగడుపున మళ్ళీ చేస్తే 118. తర్వాత మూడు నెలల సరాసరి చెప్పే పరీక్ష ఉంటుంది కదా, హెచ్‌బీఏ1సీ అంటారు, అది 6.2. ఆ పరీక్షలో 5.7 లోపు ఉంటే మామూలు, 6.5 వస్తే షుగర్ జబ్బు, మధ్యలో ఉంటే షుగర్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నట్టు. పరగడుపు పరీక్షలోనూ అంతే, 100 నుంచి 125 వరకు గుమ్మం.

మీకు ఇది చిన్న నంబరులా ఉంటుంది. నాకు కాదు. మా అమ్మకి షుగర్ ఉందని కాలికి పుండు పడ్డాకే తెలిసింది. ముందు ఎవరూ చూడలేదు, ఆవిడా చెప్పలేదు. వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింది దాకా. మా అమ్మ కూడా సాయంత్రం పూట గ్లాసుడు టీలో నాలుగు చెక్కలు నంజుకుని, అదే రాత్రి భోజనం అనేది. మిగిలిన అన్నం మా కంచాల్లో వేసేది. ఆవిడ పోయినప్పుడు నా కూతురికి మూడేళ్ళు. ఇప్పుడు ఎనిమిదో తరగతి. నా రిపోర్టు చూసి "అమ్మా, నీ కాలు కూడా తీసేస్తారా?" అని అడిగింది. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ రాత్రి కూడా డబ్బా మూత తీశాను. నవ్వొస్తుందా? భయం వేసినా తినడమే, అలా ఉండేది నా సంగతి.

తర్వాత తెలివి తక్కువ పనులు రెండు చేశాను. ఒకటి, ఫోన్‌లో వీడియోలు చూసి అన్నం పూర్తిగా మానేశాను. తొమ్మిది రోజులు ఉన్నాను. పదో రోజు మూకుడు దగ్గర నిలబడి జంతికలు తిప్పుతుంటే కళ్ళు తిరిగాయి. పక్కనున్న వదిన జబ్బ పట్టుకుని లాగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే మరిగే నూనెలో చెయ్యి పడేది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మూడు రోజుల తిండి ఒక్కసారి తిన్నాను.

రెండోది, ఒక పొడి. పాలలో కలుపుకుని పొద్దున, రాత్రి తాగాలట, భోజనం అక్కర్లేదట. పేరు చెప్పను. తెలిసినావిడే వచ్చి అమ్మింది. నెలకి నా అప్పు వాయిదా ఎంతో ఆ పొడి కూడా అంతే. రెండు నెలలు తాగి మూడు కిలోలు తగ్గాను. డబ్బు లేక ఆపాను. నాలుగు కిలోలు పెరిగాను. మా ఆయన ఎడారి ఎండలో కారు కడిగి పంపిన డబ్బు అది. ఈ రోజుకీ ఆయనకి చెప్పలేదు. ఈ పుస్తకం కువైట్ దాకా వెళ్ళదనుకుంటాను.

మా ఊరి గ్రామ క్లినిక్‌లో ఒక మేడం ఉన్నారు, చిన్నపిల్ల, నా చెల్లెలి వయసు. ఆవిడ నన్ను తిట్టలేదు. "అక్కా, తినకూడనివి తర్వాత చెప్తాను, ముందు నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నావో వరసగా చెప్పు" అంది. చెప్పాను. ఐదింటికి టీ. ఎనిమిదింటికి పిల్లల బాక్సులు కట్టి, వాళ్ళు వదిలేసిన ఇడ్లీ ముక్క. తర్వాత ఇంకో టీ. పదకొండున్నరకి షెడ్డులో పని మధ్యలో నిలబడి పెరుగన్నం నాలుగు ముద్దలు. మూడింటికి ఇంత అన్నం, పచ్చడి, మజ్జిగ. కూర అప్పటికే అయిపోయి ఉంటుంది. శనివారమైతే అదీ లేదు, ఒక్కపొద్దు. ఆవిడ కాగితం మీద గీత గీసి ఇటు చూడమంది. సాయంత్రం ఐదు దాకా నేను తిన్నది మా ఐదో తరగతి పిల్లాడు తిన్నదానికంటే తక్కువ. ఐదు నుంచి రాత్రి పదిన్నర దాకా తిన్నది ఇద్దరు మగవాళ్ళ తిండి.

"నీకు తిండి యావ అనుకుంటున్నావు. సగం అసలు ఆకలే అక్కా" అంది. ఆ మాట వినగానే నాకు గుండె బరువు దిగినట్టయింది. ఇన్నాళ్ళూ నన్ను నేను తిట్టుకున్నాను, నాకు సిగ్గు లేదని, అదుపు లేదని. ఇంట్లో అందరికీ పెట్టి చివర్లో తినే ఆడదానికి సాయంత్రం అయ్యేసరికి కడుపు కాలదా అండీ?

మరి మిగతా సగం? అదే నోటు పుస్తకం సంగతి. "నీకు లెక్కలు బాగా వచ్చు కదా, పదిహేను రోజులు రాయి" అంది. పిల్లాడి పాత నోటు పుస్తకంలో మన సంఘం పుస్తకంలో లాగే గళ్ళు కొట్టాను. టైము, తిన్నది, ఎంత, ఆఖరి గడిలో ఒక అక్షరం. కడుపు అడిగితే 'క'. మనసు అడిగితే 'మ'. పిల్లల కంచంలో మిగిలింది పారేయలేక తింటే 'మి'. సాయంత్రం ఐదు నుంచి పడుకునే దాకానే రాశాను, రోజంతా రాయాలంటే మానేసేదాన్ని.

క, మ ఎలా తెలుస్తుంది అని మా సంఘంలో అడిగారు. నేను పెట్టుకున్న గుర్తు ఒకటే. ఆ నిమిషాన ఎవరైనా పప్పు, అన్నం కలిపి ముద్ద పెడితే తింటానా? తింటాను అనిపిస్తే అది కడుపు. వద్దు, జంతికలే కావాలి, కరకరలాడేదే కావాలి అంటే అది మనసు. కడుపు ఆకలి మెల్లగా వస్తుంది, ఏది పెట్టినా ఊరుకుంటుంది. మనసుది ఉన్నట్టుండి వస్తుంది, ఇప్పుడే కావాలంటుంది, ఎంత తిన్నా చాలదంటుంది.

పదిహేను రోజుల్లో 41 పద్దులు వచ్చాయి. 'క' 17. 'మ' 19. 'మి' 5. ఆ 19లో 11 ఫోన్ పెట్టేశాక, లేదా ఫోన్ రాని రోజు తొమ్మిదిన్నర దాటాక. ఇంకో ఐదు మీటింగు రోజులవి. మీలో లీడర్లు ఉన్నారు కదా, మీకు తెలుస్తుంది. ఒక సభ్యురాలు మూడు వాయిదాలు కట్టలేదు, బ్యాంకులో నన్ను నిలబెట్టి అడిగారు, సంఘంలో మిగతావాళ్ళు నా మీద పడ్డారు. కట్టనావిడ మీద నాకు కోపం లేదు, ఆవిడ కష్టం నాకు తెలుసు. ఎవరి మీద కోపపడాలో తెలియక ఇంటికొచ్చి గిన్నె నిండా గవ్వలు తిన్నాను. పుస్తకంలో "గవ్వలు, గిన్నె, మ" అని రాసుకుంటుంటే నాకే తెలిసిపోయింది, నేను తిన్నది గవ్వలు కాదు, ఆ మాటలు.

ఇప్పుడు ముందు కడుపు సంగతి ఏం చేశానో చెప్తాను, అది సులువు. పొద్దున ఎనిమిదింటికి పిల్లలతో పాటు కూర్చుని తింటున్నాను. కూర్చుని, కంచంలో వేసుకుని. ఇడ్లీ అయితే నాలుగు, పల్చటి పచ్చడి కాకుండా సాంబారో పప్పో. మధ్యాహ్నం ఒంటిగంటకి షెడ్డు ఆపి ఎనిమిది మందిమి కలిసి తింటాం, ముందు కూర, పప్పు వేసుకుని తర్వాత అన్నం. అన్నం మానలేదు, మూడో వంతు తగ్గించాను, ఆ జాగాలో తోటకూరో బీరకాయో. రోజుకో గుడ్డు. సాయంత్రం ఐదింటికి ఏమీ తినకుండా ఉండమని ఎవరైనా చెబితే వినకండి. అప్పుడు తినాలి. నేను గుప్పెడు శనగలు పొద్దున నానబెట్టి గుగ్గిళ్ళు చేస్తాను, లేదంటే ఉడికించిన పెసలు, జామకాయ, ఒక్కోసారి మొక్కజొన్న పొత్తు. రాత్రి భోజనం ఏడున్నరకి పిల్లలతోనే. ఇదివరకు ఫోన్ అయ్యాక పదింటికి తినేదాన్ని, ఒక్కదాన్నే.

టీ సంగతి కూడా రాసుకున్నాను. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాలు, అంటే ఎనిమిది చెంచాలు, సుమారు 40 గ్రాముల పంచదార. 25 గ్రాములు దాటకుండా ఉంటే మంచిదని డాక్టర్లు చెప్తారు. ఇప్పుడు రెండు టీలు, చెంచాన్నర. పూర్తిగా పంచదార లేని టీ నాకు నచ్చలేదు, అబద్ధం ఎందుకు. ఇంకొక మాట, టీ అన్నంతో పాటు తాగితే తిండిలో ఉన్న ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. గంట ఎడం ఉండాలి. ప్రభుత్వం 2019-21లో చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో వందకి 36 మందికి పైగా ఉండాల్సిన దానికంటే బరువు ఎక్కువ ఉన్నారు. అదే సర్వేలో వందకి 58 మందికి పైగా రక్తం తక్కువ. చూశారా, రెండూ మనలోనే. లావుగా ఉంది కదా బలంగా ఉందనుకుంటారు. నాకూ రక్తం 10 ఉండేది.

నూనె లెక్క కూడా ఒకటి చేశాం, ఇది మా షెడ్డులో అందరం కలిసి చేసింది. ఐదు కిలోల పిండికి జంతికలు వేసే ముందు నూనె తూచాం, అయ్యాక మిగిలింది తూచాం. రెండు పాకెట్ల నూనె మాయం. లీటరు పాకెట్టు మీద చూడండి, 910 గ్రాములు అని ఉంటుంది. అంటే 1,800 గ్రాముల పైన నూనె జంతికల్లోకి పోయింది. తయారైన సరుకు ఆరున్నర కిలోల పైచిలుకు. పావు వంతు పైన నూనే! గ్రాము నూనెకి 9 కేలరీలు, గ్రాము పిండికి 4 లోపు. నేను రాత్రి చీకట్లో తినే గిన్నెడు ముక్కలు వంద గ్రాములు ఉండేవి, అవి దగ్గర దగ్గర 500 కేలరీలు. భోజనం మీద ఇంకో భోజనం అన్నమాట. ఈ లెక్క తేలాక మా సరుకు మీద ప్రేమ తగ్గలేదు గానీ, మంట సరిగ్గా పెట్టాలని తెలిసింది. నూనె కాగకుండా వేస్తే ఇంకా ఎక్కువ పీలుస్తుంది. ఇప్పుడు పాకెట్టుకి పది రూపాయల నూనె మిగులుతోంది. ఇది లాభం కింద రాసుకోండి.

ఇక మనసుది. ఇది అంత సులువు కాదు, ఇంకా పూర్తిగా కాలేదు కూడా. మేడం చెప్పింది, ఆ కోరిక అల లాంటిది, పది పదిహేను నిమిషాలు ఆగితే తగ్గుతుంది అని. ఆగడం ఎలాగో చెప్పలేదు, అది నేనే వెతుక్కున్నాను. ఫోన్ పెట్టేయగానే పళ్ళు తోముకుంటాను. పిల్లల పని అది. తోముకున్నాక జంతిక నోట్లో వేసుకోవడానికి నాకే అదోలా ఉంటుంది. కొన్ని రోజులు పని చేసింది. కొన్ని రోజులు తోముకుని మరీ తిన్నాను.

అసలు మార్పు ఎక్కడ వచ్చిందంటే, ఒక రోజు నేను ఫోన్‌లో మా ఆయనతో అన్నాను: "నువ్వు పెట్టేశాక నాకు ఏడుపొస్తుంది, అందుకని తింటున్నాను." ఆరేళ్ళలో మొదటిసారి. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను కూడా నీతో మాట్లాడాక బయటికెళ్ళి షవర్మా తిని వస్తాను" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం, తర్వాత ఇద్దరం ఏడ్చాం. ఇప్పుడు వారంలో రెండు రోజులు ఆయన ముందు నాకు చేస్తారు, తర్వాత పిల్లలకి. పదిహేను నిమిషాలు నావి. బరువు తగ్గడానికి ఇదేం మందు అని మీరు అనొచ్చు. నా పుస్తకం చూడండి. తర్వాతి పదిహేను రోజుల్లో 'మ' 19 నుంచి 8కి వచ్చింది.

అత్తయ్యగారి సంగతి చెప్పకపోతే ఆవిడ ఒప్పుకోరు, ముందు వరసలోనే కూర్చున్నారు. మొదట్లో ఆవిడ "తిండి తగ్గిస్తే మొహం పీక్కుపోతుంది, మొగుడు ఊళ్ళో లేడు, కోడలికి తిండి పెట్టట్లేదని నన్నంటారు" అని గోల. ఒక రాత్రి మూత చప్పుడుకి లేచి వచ్చి లైటు వేశారు. నా చేతిలో గిన్నె. నేను చచ్చిపోయాననుకున్నాను. ఆవిడ ఏమన్నారంటే, "నాకూ పెట్టు, నాకూ నిద్ర పట్టట్లేదు." ఇద్దరం తిన్నాం. కొడుకు దూరంగా ఉన్న తల్లి కదండీ. నేను ఒక్కదాన్నే అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఇప్పుడు ఫోన్ అయ్యాక ఇద్దరం అరుగు మీద కూర్చుంటాం, పావుగంట. ఆవిడ చిన్నప్పటి గోదావరి వరద కథే చెప్తారు. నాకు కంఠతా వచ్చేసింది. డబ్బా కంటే నయం.

విరిగిన ముక్కల మీద మా సంఘంలో పెద్ద గొడవ అయింది, అది కూడా చెప్పాలి. నేను తీర్మానం పెట్టాను: ముక్కలు ఇంటికి పంచుకోవద్దు, పావుకిలో పొట్లాలు కట్టి సగం ధరకి టీ కొట్లకి వేద్దాం, ఆ డబ్బు పంచుకుందాం అని. ఐదుగురు సరే అన్నారు. ఒక చెల్లి లేచింది. భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు. "అక్కా, నీకు ఒంట్లో కొవ్వు ఎక్కువైంది కాబట్టి తీర్మానం పెట్టావు. నా పిల్లలకి సాయంత్రం బడి నుంచి రాగానే పెట్టేది ఆ ముక్కలే. అవి ఆపితే ఏం పెట్టను?" అంది. నాకు నోట మాట రాలేదు. నా బాధ అందరి బాధ అనుకుని రూలు పెట్టబోయాను. తప్పు నాదే. ఆ రోజు తీర్మానం రాయలేదు. తర్వాతి మీటింగులో మార్చాం. ముక్కలు కావలసినవాళ్ళు తూకం వేయించుకుని పుస్తకంలో రాసి తీసుకెళ్ళొచ్చు, వద్దన్నవాళ్ళకి డబ్బు. ఆ చెల్లి ఇప్పుడు సగం ముక్కలు, సగం డబ్బు తీసుకుంటుంది. ఆ డబ్బుతో గుడ్లు కొంటున్నాను అని తనే చెప్పింది, నేను అడగలేదు. నేను డబ్బే తీసుకుంటున్నాను. మా ఇంట్లో ఇప్పుడు డబ్బా లేదు. కావాలంటే పండక్కి పాకెట్టు కొంటాను, అందరం ఎదురెదురుగా కూర్చుని తింటాం.

సంక్రాంతికి దెబ్బ తిన్నాను. ఆర్డర్లు ఎక్కువ, రాత్రి ఒంటిగంట దాకా పని, నిద్ర లేదు. నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుంది, ఇది మీరూ చూసే ఉంటారు. రెండు కిలోలు పెరిగాను. ఇదివరకైతే "ఇక నా వల్ల కాదు" అని వదిలేసేదాన్ని. ఈసారి మన సంఘం పద్ధతి గుర్తొచ్చింది. ఎవరైనా ఒక వాయిదా తప్పితే సంఘంలోంచి తీసేస్తామా? తర్వాతి నెల కట్టించుకుంటాం. నేనూ తర్వాతి వారం కట్టాను.

పొద్దున్నే కాలవ గట్టు మీద నలుగురం అరగంట నడుస్తున్నాం, వారానికి ఐదు రోజులు. దీని గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్తారు. కుక్కలకి కర్ర పట్టుకెళ్ళండి.

ఇప్పుడు లెక్క. 11 నెలల్లో 74 నుంచి 67. మీకు తక్కువ అనిపించొచ్చు, యూట్యూబ్‌లో నెలకి పది కిలోలు అంటారు కదా. ఉన్న బరువులో వందకి ఐదు నుంచి ఏడు వంతులు తగ్గి, నడక పెట్టుకుంటే షుగర్ వచ్చే అవకాశం బాగా తగ్గుతుందని మేడం చెప్పింది. 74లో ఏడు వంతులంటే ఐదు కిలోల చిల్లర. నేను అది దాటాను. హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చింది. ఇంకా గుమ్మం లోపలే, కానీ అటు చివర. నడుము కొలత కుట్టు మిషను అక్క టేపుతో తీసింది, 37 అంగుళాల నుంచి 34. మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే 31 అంగుళాలన్నర లోపు ఉండాలట. ఇంకా దూరం ఉంది. మా అమ్మాయి ఆ నంబర్లు తన పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంది.

కొన్ని మాటలు జాగ్రత్తగా వినండి. ఇది లావుగా ఉన్న నా కథ. సన్నగా ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు తిండి తగ్గించకూడదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు అన్నం తగ్గించినా, ఉపవాసం ఉన్నా ముందు డాక్టరుని అడగాలి, షుగర్ పడిపోతే ప్రమాదం. ఇంకా, తిన్నాక వాంతి చేసుకోవడం, ఆపుకోలేనంతగా రోజూ తినడం, ఊరికే ఏడుపు, బతకాలని లేకపోవడం, ఇలాంటివి ఉంటే నోటు పుస్తకం సరిపోదు. టెలి మానస్ అని ప్రభుత్వం నంబరు ఉంది, 14416. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. నంబరు మీ పాస్ పుస్తకం వెనక రాసుకోండి. సిగ్గు పడకండి, నేను మూత చప్పుడు సంగతే మైకులో చెప్పేశాను.

వచ్చే నెల నుంచి మా గ్రామ సంఘం మీటింగు రోజున కుట్టు టేపు, తూకం మిషను పెడుతున్నాం. పేర్లు చదవం, ఎవరి కొలత వాళ్ళ పుస్తకంలో వాళ్ళే రాసుకుంటారు. గళ్ళు కొట్టిన నోటు పుస్తకం నమూనా కావలసినవాళ్ళు టీ టైములో నా దగ్గరకి రండి, ఇరవై తెచ్చాను. ముక్కల పొట్లాలు కూడా బల్ల మీద ఉన్నాయి, పావుకిలో సగం ధర. పొదుపు లెక్కలు చదవాల్సిన అక్క ఇందాకటి నుంచి కాగితాలు పట్టుకుని నిలబడింది, రా అక్కా.